సభకు దగ్గరగా ఒక గది

మా అత్తగారికి రాజధాని నుంచి పిలుపు వచ్చిన రోజు ఇంట్లో అందరం ఒకేసారి మాట్లాడాం, ఆవిడ తప్ప. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుని, ఫోనులో వచ్చిన వీడియోను మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని చూశారు. అందులో ఒక నడివయసు స్త్రీ చేతులతో గబగబా ఏదో చెబుతోంది. శబ్దం లేదు. మాకు ముక్క అర్థం కాలేదు. అత్తయ్య మాత్రం ఒకచోట నవ్వి, "పొగరుబోతు పిల్ల" అన్నారు.

ఆ పొగరుబోతు పిల్లను మా ఇంట్లో పిచ్చుక అంటాం. పత్రికల్లో వచ్చే పేరు వేరు. అత్తయ్య వినికిడి లేని పిల్లల బడిలో పాఠాలు చెప్పేవారు. అక్కడ చేరిన ప్రతి పిల్లకూ ఒక సైగ పేరు పెడతారు. ఈ పిల్ల ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని, రెండు వేళ్ళు ముక్కులా కలిపి గింజ పొడిచినట్టు చూపించారట. అదే పేరై కూర్చుంది. ఇప్పుడు ఆ పిచ్చుక శాసనసభకు ఎన్నికైంది. వినికిడి లేనివాళ్ళలో ఆ సభ గడప తొక్కుతున్న మొదటి మనిషి ఆమే. తొలి ప్రసంగం చేతులతో చేస్తుంది. దాన్ని పైకి వినిపించడానికి సభవారి అనువాదకురాలు ఉంది. కానీ పిచ్చుకకు ఆమె వద్దట. "మొదటిసారి నా మాట మీ గొంతులోంచే రావాలి టీచర్. తరవాత ఎవరైనా ఒకటే" అని ఆ వీడియోలో చెప్పింది.

"వెళ్తావా అమ్మా?" అన్నారు మావారు.

"వెళ్ళక? అది పిలిస్తే వెళ్ళకపోతే ఇంటికొచ్చి నన్ను చేతులతో తిడుతుంది. చూడటానికి బాగుండదు."

"నీ ఊపిరో?"

అత్తయ్య ఫోను పక్కన పెట్టి లేచారు. కిందటి చలికాలం ఊపిరితిత్తులకు జబ్బు చేసి, ఆసుపత్రి నుంచి సగం ఊపిరితో ఇంటికొచ్చారు. మామూలుగా తిరుగుతారు, వంటింట్లో నాకు వంకలు పెడతారు, అన్నీ చేస్తారు. అలిసిపోతే మాత్రం దగ్గుతెర వస్తుంది. తెర వచ్చిందంటే మాట సగంలో తెగిపోతుంది, మళ్ళీ అందుకోవడానికి చాలాసేపు పడుతుంది. డాక్టరు వెళ్ళవచ్చన్నారు, ఒక షరతు మీద. ఉదయం సభలో రిహార్సలు ఉంది, మధ్యాహ్నం సమావేశం. ఆ రెంటికీ మధ్య ఆవిడ తప్పకుండా నడుం వాల్చి నిద్రపోవాలి. నిద్ర పడితే గొంతు నిలబడుతుంది, లేకపోతే చెప్పలేం అన్నారు. "ఇంట్లో మెట్లున్నాయా?" అని కూడా అడిగారు. లేవన్నాం. ఆయన ఆ సంగతి వదిలేసి మందుల్లోకి వెళ్ళిపోయారు.

మా ఆడపడుచు వేరే ఊళ్ళో ఉంటుంది. ఆ సాయంత్రమే ఫోను చేసి, "అమ్మ సగంలో ఆగిపోతే మాత్రం ఏం పుట్టి మునుగుతుంది వదినా? ఆ అనువాదకురాలు పక్కనే ఉంటుందిగా, అందుకుంటుంది" అంది.

ఫోను స్పీకరులో ఉంది. అత్తయ్య విన్నారు.

"సగంలో గొంతు మారిందనుకో, సభంతా నా వంక చూస్తుంది. పాపం ముసలావిడ అనుకుంటుంది. దాని వంక ఎవరు చూస్తారు? ఇంతకాలానికి దానికి దొరికిన రోజు అది. నా దగ్గుకు ఇవ్వను" అన్నారు.

ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. హోటలు వెతికే పని నాకు పడింది.

సమావేశాలు మొదలయ్యే రోజు శాసనసభ చుట్టుపక్కల వీధుల్లోకి బళ్ళు రానివ్వరు. కాబట్టి అత్తయ్య నెమ్మదిగా నడిచి వెళ్ళి, నెమ్మదిగా నడిచి రాగలిగినంత దగ్గరలో గది కావాలి. ఆడపడుచుకేమో ఊరి చివర కొత్తగా కట్టిన హోటలు నచ్చింది.

"ఈత కొలను ఉంది వదినా. లిఫ్టు మొత్తం అద్దాలది, పైకి పోతుంటే ఊరంతా కనిపిస్తుందట."

"మీ అమ్మ ఈత కొట్టడానికి వెళ్తున్నారా? అద్దాల లిఫ్టులో ఊరేగడానికి వెళ్తున్నారా?"

"నీతో వాదించలేను తల్లీ. నీకు నచ్చిందే చూడు. తరవాత నన్ననకు."

నాకు నచ్చింది సభ ఎదుట చదరం అని పిలిచే చెట్ల మైదానానికి అవతలి అంచున ఉన్న పాత హోటలు. రాతి భవనం. ఒకప్పుడు దూరదేశాల రాయబారులు దిగే విడిదట. పొడవాటి కిటికీలు, ఇత్తడి గొళ్ళేలు, గుమ్మం పక్కన ఎవరెవరు బస చేశారో చెక్కిన రాతి పలక. ఇవన్నీ నాకు అవసరం లేదు గానీ, చదరం దాటితే సభ మెట్లే. మధ్యలో కూర్చోవడానికి బల్లలు కూడా ఉన్నాయి. ఫొటోలో చూసి లెక్క పెట్టుకున్నాను, ఆవిడ ఏ బల్ల దగ్గర ఆగుతారో కూడా.

వాళ్ళకు ఫోను చేసి అడగవలసినవన్నీ అడిగాను. మంచం ఎత్తుగా ఉంటుందా, పల్లమా? నేలమీద తివాచీనా, ఒట్టి చెక్కా? తివాచీ అయితే దుమ్ము పడుతుంది. దిండ్లు దూదివా, మరేవైనానా? వేడినీళ్ళు వెంటనే వస్తాయా, కుళాయి తిప్పి స్తోత్రాలు చదువుకోవాలా? అవతల మాట్లాడుతున్న అమ్మాయి ఓపికగా అన్నీ చెప్పి, చివర్లో, "మేడమ్, మీరు గది తీసుకుంటున్నారా, హోటలే కొంటున్నారా?" అంది. నాకు కోపం రాలేదు. తరవాత తనే, "మీకు మంచి గది చూస్తాను. కిటికీలోంచి సభ గోపురం నిండుగా కనిపిస్తుంది" అంది.

"అయితే అదే ఇవ్వండి" అన్నాను.

చదరం నిండా పెద్ద పెద్ద చెట్లున్నాయని ఫొటోలో చూశాను. ఆ చెట్ల మీదుగా గోపురం కనిపించాలంటే గది ఎంత ఎత్తున ఉండాలో ఆలోచించలేదు. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, మా పుట్టింటికి మేడ లేదు, అత్తింటికీ మేడ లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను పడుకున్న ప్రతి ఇంట్లోనూ గుమ్మం దిగితే నేలే. గది అనగానే నా బుర్రకు నేలమీద గదే వస్తుంది. తివాచీ గురించి అడిగినదాన్ని మెట్ల గురించి అడగలేదు.

ముందు రోజు సాయంత్రం ఆ హోటల్లో దిగాం. హాలు చల్లగా, విశాలంగా ఉంది. నేల అద్దంలా మెరుస్తోంది. నేను లోపల్లోపల మురిసిపోతుండగా బల్ల వెనక ఉన్న మేనేజరు తాళం చెవి చేతికిచ్చి, "పై అంతస్తండీ. మెట్లు అటు" అన్నాడు.

"లిఫ్టు ఎటు?" అన్నారు మావారు.

"చారిత్రక భవనం కదండీ. గోడలు తొలవడానికి అనుమతి లేదు. కానీ మెట్లు చాలా ప్రసిద్ధమైనవి."

అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అంటారు.  మావారు నా వంక ఒకసారి చూసి పెట్టె అందుకున్నారు. ఆ చూపే నాకు గుచ్చుకుంది.

కింద గదులు లేవా అని అడిగాను. కింద ఆఫీసు, భోజనాల హాలు, వంటిల్లు, సమావేశాల హాలు మాత్రమే ఉన్నాయన్నాడు. సమావేశాల హాల్లో దంతవైద్యుల సభ జరుగుతోంది. పోనీ వేరే హోటలు? చదరం చుట్టూ ఉన్నవన్నీ సభ్యులతోనూ వాళ్ళ చుట్టాలతోనూ నిండిపోయాయి. ఆయన మా ఎదుటే ఫోను చేసి మరీ కనుక్కున్నాడు. మర్యాద తెలిసిన మనిషి, ఆ మాట చెప్పుకోవాలి.

"ఏం ఫరవాలేదు, ఎక్కుదాం. తొందరేముంది?" అన్నారు అత్తయ్య.

మెట్ల మలుపు మలుపుకూ గోడమీద నిలువెత్తు చిత్రపటాలున్నాయి. అత్తయ్య ప్రతి పటం ముందూ ఆగారు. మొదటి పటంలో మీసాల పెద్దమనిషిని చాలాసేపు చూసి, "ఈయన మీసం... గమనించావా అమ్మాయ్... రెండు పక్కలా... సమానంగా లేదు" అన్నారు.

"అది గీసినవాడికి కూడా ఇంతసేపు పట్టి ఉండదమ్మా" అన్నారు మావారు, ఆవిడ చెయ్యి పట్టుకుని.

మామూలుగా అయితే ఆ మాటకు ఆయనకు గట్టిగా అంటించేవారే. ఆ పూట అనలేదు. గదిలోకి వెళ్ళాక మంచం మీద కూలబడి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి కళ్ళు తెరిచి, బొటనవేలు పెదవికి ఆనించి చూపించారు. నీళ్ళు. జబ్బు చేసినప్పటి నుంచి, ఊపిరి చాలనప్పుడల్లా ఇంట్లో ఇలా చేతులతోనే చెబుతున్నారు. నాకు నీళ్ళు, ఆకలి, నిద్ర, ఊపిరి, చాలు లాంటి మాటలు పట్టుబడ్డాయి. అవి కాక "దీపం ఎందుకు దండగ" అని కూడా.

భోజనం వేళ దాకా ఆవిడ ఒక్క పూర్తి వాక్యం మాట్లాడలేకపోయారు. రేపు ఉదయం దిగడం సరే. రిహార్సలు అయ్యాక మళ్ళీ ఈ మెట్లన్నీ ఎక్కి, పడుకుని, మళ్ళీ దిగి వెళ్తే, సభలో నిలబడటానికి మనిషి ఉంటారు గానీ గొంతు ఉండదు. అది ముగ్గురికీ తెలిసిపోయింది.

"నేను ఎత్తుకుని తెస్తాను" అన్నారు మావారు.

అత్తయ్యకు అప్పటికి కాస్త మాట వచ్చింది. "నన్నెత్తితే నీ నడుం పోతుంది. అప్పుడు ఇద్దరికీ మంచాలు వెతకాలి, పాపం ఈ పిల్ల" అన్నారు. తరవాత నా వంక తిరిగి, "గది మాత్రం బాగుందమ్మాయ్. దిండు సరిగ్గా ఉంది" అన్నారు. తిడితే తేలిగ్గా ఉండేది.

మర్నాడు ఉదయం అత్తయ్యతోనూ మావారితోనూ సభ దాకా నడిచి వెళ్ళాను. పిచ్చుక గుమ్మంలోనే ఎదురొచ్చి అత్తయ్యను గట్టిగా కావలించుకుంది. సభలో ఆమెకిచ్చిన గదిలోనే అత్తయ్యను పడుకోబెడదామని ఆశపడ్డాను గానీ, ఆ గది ఇసుక వేస్తే రాలనట్టుంది. దండలు, కెమెరాలు, నిలబడి కాఫీలు తాగేవాళ్ళు. నేను ఒక్కదాన్నే హోటలుకు తిరిగి వచ్చాను. మధ్యాహ్నంలోగా నేలమీద ఒక చోటు చూడాలి. నిశ్శబ్దంగా, శుభ్రంగా, మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

మేనేజరు హాల్లో సోఫా చూపించాడు. దాని పక్కనే మనిషంత పన్ను బొమ్మ నిలబెట్టి ఉంది. చుట్టూ దంతవైద్యులు ఒకరి నోట్లోకి ఒకరు చూసుకుంటున్నంత దగ్గరగా నిలబడి నవ్వుతున్నారు. అక్కడ కునుకు పట్టాలంటే మత్తుమందు ఇవ్వాల్సిందే.

ఏం చెయ్యాలో తోచక అక్కడే నిలబడ్డాను. ఒకామె ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ నా ముందునుంచి వెళ్ళింది. గంజి వాసన తగిలింది. ఇన్ని గదుల దుప్పట్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, బరువైన బట్టల్ని ఎవరూ మేడమీద దాచరు అనిపించింది. బండి వెనకే నడిచాను.

వంటింటి నడవా చివర ఆ గది ఉంది. లోపల గోడలు కనిపించవు, అన్నీ అరలే. అరల నిండా తెల్లటి దుప్పట్లు, అంచు తప్పకుండా. మధ్యలో పొడవైన మడతల బల్ల. ఒక మూల ఇస్త్రీ యంత్రం పెద్ద రోలరుతో గుర్రుమంటోంది. గది వెచ్చగా ఉంది, ఎక్కడా దుమ్ము లేదు. నేను వేలితో ఒక అర అంచు రాసి చూశాను కూడా.

"దుమ్ము దొరికిందా?" అంది వెనకనుంచి ఒక గొంతు.

ఎత్తయిన మనిషి. కళ్ళజోడు మెడలో వేలాడుతోంది, పెదాల మధ్య రెండు పిన్నులు. ఆ గదికి పెద్దావిడ.

"లేదండీ."

"ఉండదు. అతిథులు ఇటు రాకూడదమ్మా. పళ్ళ డాక్టర్లు అటు."

"నేను డాక్టర్ని కాదండీ. నాకు ఒక గంటా గంటన్నర ఈ గది కావాలి."

ఆవిడ పిన్నులు తీసి జాకెట్టుకు గుచ్చుకుంది. విషయమంతా చెప్పాను. సభ, ప్రసంగం, అత్తయ్య ఊపిరి, మెట్లు. శ్రద్ధగానే వింది.

"చూడమ్మా. ఈ హోటల్లో పెద్ద పెద్దవాళ్ళు పడుకున్నారని బయట పలకమీద చెక్కారు. అందరూ పై గదుల్లోనే పడుకున్నారు. ఈ గదిలో దుప్పటికి తప్ప ఎవరికీ పడుకునే హక్కు లేదు" అంది.

"మా అత్తగారు పెద్ద పెద్దవారు కారండీ. టీచరు."

"అయితే ఏం? ఆ యంత్రం చూశావా? మోత వింటున్నావుగా. అది ఆపితేనే నిద్ర. ఆపితే నా పని ఆగుతుంది. సాయంత్రం ఈ పళ్ళవాళ్ళు ఖాళీ చేస్తారు, ఇంకో గుంపు దిగుతుంది. ఇవాళే నా జోడీ పిల్ల సెలవు పెట్టింది. ఈ గుట్టంతా ఎవరు మడుస్తారు, మీ అత్తగారా?"

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. గుట్ట నిజంగానే నడుమెత్తు ఉంది. ఆవిడ మాట్లాడుతూనే ఒక దుప్పటి లాగి, రెండు మూలలు పట్టుకుని ఒక్కతే మడవబోయింది. అంత పెద్ద దుప్పటి ఒక్క మనిషికి లొంగదు, కింద జీరాడుతుంది. నేను రెండో కొసలు అందుకున్నాను. ఆవిడ వద్దనలేదు. ఇద్దరం ఎడంగా జరిగి, లాగి, దులిపి, దగ్గరికొచ్చాం. నేను అలవాటు కొద్దీ నా వైపు మూడో మడత వేశాను.

"మూడు మడతలా? మీ ఇంట్లో బీరువా ఇరుకా?"

"ఇరుకేనండీ."

"ఇక్కడ నాలుగు. అంచు లోపలికి. బయటికి వచ్చిందంటే అతిథికి ముందు కుట్టు కనిపిస్తుంది."

"మంచం మీద పరిచాక కుట్టు ఎటూ కనిపిస్తుంది కదండీ?"

"పరిచాక వాళ్ళ కర్మ. అరలో ఉన్నంతసేపూ నా కర్మ."

రెండోది నాలుగు మడతలు వేశాను. ఆవిడ దాన్ని కంటికి ఎత్తి చూసి, అంచు మీద అరచేయి రాసింది. మూడోది చూడకుండానే గుట్టమీద పెట్టింది. అప్పుడు నేను, "యంత్రం ఆపినంతసేపూ మనిద్దరం చేత్తో మడుద్దాం. ఇస్త్రీ కావలసినవి పక్కన పెట్టండి, గంజి ఆరినవి ఇవ్వండి. మీ జోడీ పిల్ల చేసేదంతా నేను చేస్తాను. మా అత్తగారు ఆ బల్ల చివర పడుకుంటారు" అన్నాను.

"నువ్వు అతిథివి."

"ఇంట్లో చేసేది ఇదేగా. ఇక్కడ మూడో మడతకు నాలుగోది కలిసింది, అంతే."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గురక పెడుతుందా ఆవిడ?"

"పెడతారు. దగ్గు కూడా రావచ్చు."

"రానీ. దుప్పట్లు చెప్పుకోవులే ఎవరికీ" అంటూ వెళ్ళి, ఏ అరలోంచో మందపాటి పరుపు ఒకటి లాగింది. మేనేజరుకు చెప్పాలా అని అడిగాను. "ఈ గదికి మేనేజరు ఎవరు?" అంది. మళ్ళీ అడగలేదు.

మధ్యాహ్నానికి మావారు అత్తయ్యను నడిపించుకొచ్చారు. మొహం వాడి ఉంది. గుమ్మంలో ఆగి అరలనూ, బల్లనూ, బల్లమీద వేసిన పక్కనూ చూశారు.

"నన్నేమన్నా ఇస్త్రీ చేస్తారా ఏం?"

"ముడతలు పోతాయంటే చేద్దాం" అంది పెద్దావిడ.

"ఇవి పోవులెండి, ముదురు ముడతలు" అన్నారు అత్తయ్య. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. పీట వేసి ఎక్కించి, తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాం. పెద్దావిడ వెళ్ళి యంత్రం మీట నొక్కింది. గుర్రుమనే మోత సన్నగిల్లి, ఆగిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని నేను అనుకోలేదు. నాలుగు వైపులా గుడ్డ, చప్పుడంతా పీల్చేసింది. నడవాలో వంటవాళ్ళ మాటలు కూడా ఎక్కడో దూరంగా వినిపించాయి. అత్తయ్య ఏదో అనబోయి, అనకుండానే నిద్రపోయారు.

మావారు బయట నడవాలో కుర్చీ వేసుకుని, ఇటు వచ్చేవాళ్ళను వేలు పెదవులమీద పెట్టి ఆపుతూ కూర్చున్నారు. మేమిద్దరం మడతలు వేశాం. మాట్లాడుకోవడం, కొసలు కలపడానికి దగ్గరికి వచ్చినప్పుడే, గుసగుసగా. కాబట్టి ఆవిడ కబుర్లన్నీ నాకు ముక్కలు ముక్కలుగా చేరాయి. ఒక దుప్పటికి భర్త పోయిన సంగతి, మరో దుప్పటికి కూతురి ఉద్యోగం, ఇంకో దుప్పటికి రాయబారులు దిండ్లు ఎత్తుకుపోతారన్న నిజం. నవ్వు ఆపుకోలేక ఒకసారి దుప్పటిలోనే మొహం దాచుకున్నాను. ఆవిడ ఆ దుప్పటిని మళ్ళీ ఉతుకుడు బుట్టలో పడేసింది, మొహమాటం లేకుండా. నాకు ఆవిడ మీద గౌరవం అప్పుడు పూర్తయింది.

నేను కిటికీలూ, తివాచీలూ, బల్లలూ చూసి చూసి ఎంచుకున్న హోటల్లో, నన్ను కాపాడింది ఎవరూ ఫొటో తీయని గది. ఆవిడ ఆపాల్సిన పని లేని యంత్రాన్ని ఆపింది. బతిమాలినందుకు కాదు, గొప్పవాళ్ళ పని అనీ కాదు. నేను రెండో కొస పట్టుకున్నాను గనక తను మొదటిది వదలలేదు, అంతే అనుకుంటాను. కారణం ఏదైనా, ఆ నిద్ర ఆవిడ పెట్టిన భిక్షే.

లేపకుండానే అత్తయ్య లేచారు. లేచి కూర్చుని, "ఎంత మంచి వాసన ఈ గది" అన్నారు. తెరల్లేని గొంతు. గుక్క తిప్పుకోకుండా అన్నారు. నేను గుమ్మంలోకి వచ్చిన మావారి వంక చూశాను, ఆయన కళ్ళు తుడుచుకుంటూ గోడవైపు తిరిగిపోయారు.

బయల్దేరబోతుంటే పెద్దావిడ అడ్డం నిలబడింది. "నలిగిన బట్టతో నా గదిలోంచి బయటికి పోవడానికి వీల్లేదు" అని, అత్తయ్య శాలువా తీసుకుని, యంత్రం మళ్ళీ వేసి, రోలరు మీద ఒక్కసారి పోనిచ్చి భుజాలమీద కప్పింది. అది వెచ్చగా ఉండగానే చదరం దాటాం.

సభలో నాకూ మావారికీ పై వరుసలో చోటిచ్చారు. సభ్యులంతా కింద, గుర్రపునాడాలా వంగిన వరుసల్లో ఉన్నారు. పిచ్చుక తన చోట లేచి నిలబడింది. ఆమెకు ఎదురుగా, కాస్త ఎత్తు మీద అత్తయ్య, ముందు మైకు. అత్తయ్య వెనక కుర్చీలో సభ అనువాదకురాలు.

పిచ్చుక చేతులెత్తింది. అత్తయ్య గొంతు సభంతా వినిపించింది.

"నేను మీలో ఎవరి గొంతూ వినలేదు. అందుకని మీ మొహాలు బాగా చూశాను. కొందరికి ఇవాళ నిద్ర వస్తోంది."

సభ గొల్లుమంది. ఆ నవ్వు సగం పిచ్చుకది, సగం అత్తయ్యది. బడిలో పిల్లల్ని ఇలాగే నవ్వించేవారేమో అనుకున్నాను. తరవాత పిచ్చుక అసలు విషయానికి వచ్చింది. ఆసుపత్రుల్లో పేరుపెట్టి కేకేస్తారు. వినపడనివాళ్ళ వంతు వచ్చిపోతుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆమెను తీసుకెళ్తే, ఆ అమ్మకూ వినపడదు గనక, ఇద్దరూ పొద్దుటి నుంచి పేర్లు పిలిచే మనిషి పెదాల వంక చూస్తూ కూర్చునేవారట. ఆ పెదాలు ఎప్పుడు తమ పేరు పలుకుతాయా అని. "మాకు జాలి వద్దు. వంతు అంకె చూపించే ఒక బోర్డు కావాలి, ప్రతి ఆసుపత్రిలో" అంది. అత్తయ్య ఆ మాటను ఎత్తకుండా దించకుండా, ఎంత చెప్పాలో అంతే చెప్పారు.

అప్పటికి చాలాసేపయింది. నాకు ఆవిడ గొంతు తెలుసు. పదం చివర్లు సన్నబడటం మొదలైంది. ఒకచోట 'కాబట్టి' అని, ఆ తరవాతి మాటకు ముందు గాలి కోసం ఆగారు. సభలో ఎవరూ గమనించి ఉండరు. వెనక అనువాదకురాలు గమనించింది, కుర్చీ అంచుకు జరిగింది. మావారు నా చెయ్యి నొక్కిపెట్టారు.

పిచ్చుక చేతులు ఆగాయి. తన ముందున్న గ్లాసు తీసుకుంది. నీళ్ళు తాగింది, తొందర లేకుండా. గ్లాసు కింద పెట్టి, శుభ్రంగా చేతులు తుడుచుకుంది. సభ మొత్తం ఆమె వంకే చూస్తోంది. పిచ్చుక కళ్ళు మాత్రం అత్తయ్య భుజాల మీద ఉన్నాయి. ఆ భుజాలు ఎగసి, దిగి, మళ్ళీ ఎగసి, కుదుటపడే దాకా చూసింది. అప్పుడు చేతులెత్తింది, ఇందాకటికన్నా నెమ్మదిగా, పెద్దగా, ఒక్కొక్క మాటా విడిగా. ప్రతి మాట తరవాతా ఒక గుక్కెడు గాలికి సరిపడా జాగా వదిలింది. సభవాళ్ళు అది గాంభీర్యం అనుకున్నారు. మర్నాడు ఒక పత్రిక అలాగే రాసింది కూడా.

అత్తయ్య చివరి వాక్యం దాకా చెప్పారు. దగ్గలేదు. అనువాదకురాలు కుర్చీలో వెనక్కి వాలి, అందరికన్నా ముందు తనే రెండు చేతులూ పైకెత్తి ఆడించింది. వినికిడి లేనివాళ్ళ చప్పట్లు అవి. చూసి పిచ్చుక పక్కనున్న సభ్యురాలు ఎత్తింది, తరవాత వరుసలు వరుసలుగా అందరూ. అంత పెద్ద సభలో శబ్దమే లేదు. అన్నీ చేతులే.

బయట నడవాలో వాళ్ళిద్దరూ చేతులతో పోట్లాడుకుంటుంటే వెళ్ళి కలిశాం. అత్తయ్య వేళ్ళు పిచ్చుక మొహం మీదికి పోతున్నాయి. పిచ్చుక కళ్ళు పెద్దవి చేసి, ఏమీ ఎరగనట్టు భుజాలెగరేసింది.

"ఏమంటున్నారు అత్తయ్యా?"

"మధ్యలో... ఎందుకు ఆగావంటే... దాహమేసిందట" అన్నారు అత్తయ్య, గాలి తీసుకుంటూ. "అబద్ధాలకోరు."

ఇంతలో మైకులు పట్టుకుని పత్రికలవాళ్ళు చుట్టుముట్టారు. మీ శిష్యురాలి గురించి చెప్పండి, ఇవాళ మీకెలా ఉంది అని ఒకరిమీద ఒకరు పడి అడిగారు. అత్తయ్య నోరు తెరిచారు. మాట రాలేదు. ఉన్న గొంతంతా లోపల సభలో ఖర్చయిపోయింది. ఆవిడ నవ్వి, చేతులెత్తి, కొన్ని మాటలు వాటితో చెప్పారు. చెబుతూ చెబుతూ నన్ను చూపించారు. పత్రికలవాళ్ళు పిచ్చుక వంక చూశారు. పిచ్చుక నవ్వుతూ నన్ను చూపించింది. మైకులన్నీ నా మొహం మీదికి తిరిగాయి.

ఊపిరి, నిద్ర, ఆకలి, చాలు. అన్నీ మా వంటింటి మాటలే. నాకు మొత్తం అర్థమైంది.

"ఆకలేస్తోందట" అన్నాను. నిద్రా ఊపిరీ ఈ పిల్లే ఇచ్చిందన్న మిగతా ముక్క పైకి చెప్పలేదు.